పాత ముఖం, కొత్త ముద్ర

రోములో మాకు దొరికింది ఒక్కటే ఆదివారం. చర్చిలూ మ్యూజియాలూ వారం పొడుగునా ఉంటాయి, పోర్తా పోర్తెసె సంత మాత్రం ఆదివారమే. అందుకని పొద్దున్నే ట్రామెక్కి త్రాస్తెవెరె పేట చివర ఆ పాత కోటగుమ్మం దగ్గర దిగాం. గుమ్మం అవతల వీధి పొడుగూతా బల్లలు. ముందంతా చవక చొక్కాలు, తోలు సంచులు. లోపలికి పోయేకొద్దీ పాత సామాన్ల వాళ్ళు తగులుతారు. తలుపు గొళ్ళేలు, గ్రామఫోను రికార్డులు, ఎవరి పెళ్ళిదో తెలియని ఫొటోల ఆల్బములు. నాకు కావలసింది కాగితం. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ, 1919 నుంచి 1939 దాకా, ఇటలీలో చేతులు మారిన నోట్లు.

ఒక ముసలాయన దగ్గర అట్టపెట్టె నిండా ప్లాస్టిక్ కవర్లలో చిన్న నోట్లున్నాయి. అన్నిటికన్నా పైన నీలిరంగు 10 లీరాల నోటు, దాని మీద రాజు మూడో విత్తోరియో ఎమాన్యుయెలె తల. నేను దాన్ని తిప్పి చూస్తుంటే మా ఆవిడ పక్క పళ్ళెంలోంచి ఒక ఉంగరం తీసింది. బూడిదరంగు, రాయి లేదు, నగిషీ లేదు.

“ఏమండీ, దీని మీదేదో రాసుంది. చదవండి.”

భూతద్దం పెట్టి చూశాను. ‘ఓరో అల్లా పాత్రియా’, అంటే దేశానికి బంగారం. ఆ పక్కన 18 నవంబరు, తర్వాత రోమన్ అంకెల్లో పద్నాలుగు. ఉంగరం ఉక్కుది.

కథ చెప్పాను. 1935లో ఇటలీ ఇథియోపియా మీద దండెత్తింది. నానాజాతి సమితి ఆంక్షలు విధించింది. అవి అమల్లోకొచ్చిన రోజే ఆ నవంబరు 18. సరిగ్గా నెల తర్వాత, డిసెంబరు 18న, దేశమంతటా ఆడవాళ్ళూ మగవాళ్ళూ పెళ్ళి ఉంగరాలు తీసి ప్రభుత్వానికిచ్చారు. రోములో రాణి ఎలెనా అందరికన్నా ముందు అజ్ఞాత సైనికుడి సమాధి దగ్గర తన ఉంగరం సమర్పించింది. రచయిత పిరాందెల్లో అంతకు ముందు ఏడాది వచ్చిన నోబెల్ పతకాన్ని ఇచ్చేశాడు. బంగారం ఇచ్చిన వాళ్ళ వేలికి బదులుగా తొడిగింది ఇదిగో, ఈ ఉక్కు.

మా ఆవిడ చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి పోయింది. పుస్తెలు పట్టుకుని కాసేపు మాట్లాడలేదు. “అడిగిన వాళ్ళు అడిగారు సరే, ఇంటికెళ్ళి రాత్రి వేలు చూసుకున్నప్పుడు ఆవిడకి ఎలా ఉండి ఉంటుందో” అంది. ఉంగరాన్ని పళ్ళెంలో పెట్టబోయి మళ్ళీ తీసుకుంది. నీలం నోటూ ఉక్కు ఉంగరమూ రెండూ కొన్నాం.

నోటు మీద కూడా అలాంటి అంకే ఉంది. 1935 పక్కన రోమన్ అంకెల్లో పదమూడు. ఫాసిస్టులు 1922 అక్టోబరు చివర్లో రోమును చేజిక్కించుకున్న నాటి నుంచి తమ శకం మొదలుపెట్టారు. దాని సంవత్సరాది అక్టోబరు 29. అంటే 1935 జూను పదమూడో ఏడు, అదే 1935 నవంబరు పద్నాలుగో ఏడు. ఈ లెక్క నాకు కొత్తగా అనిపించలేదు. నేను నోట్లు పోగుచేయటం మొదలుపెట్టిందే నిజాం ఉస్మానియా సిక్కా నోట్లతో. వాటి మీద ఫసలీ సంవత్సరాలుంటాయి. ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీ, కన్నడాల పక్కన మన తెలుగులో ‘రూపాయలు’ అని ఉంటుంది. 1918లో హైదరాబాదు సొంత నోట్లు తెచ్చుకుంది. ఏడు సిక్కా రూపాయలు ఆరు బ్రిటిష్ రూపాయలతో సమానం. ఆ కాలంలోనే మిగతా ప్రపంచంలో జనం జేబుల్లో ఏముండేదో చూద్దామనిపించి బయటి దేశాల వైపు తిరిగాను. ఇటలీ దగ్గర ఆగిపోయాను.

ఎందుకాగిపోయానంటే, ఆ దేశపు నోట్లలో ఒక చిక్కుముడి ఉంది. ముస్సోలినీ వచ్చాక ఇటలీలో మారనిది లేదు. వీధుల పేర్లు మారాయి, బడిపిల్లల యూనిఫారాలు మారాయి, కేలండరే మారింది. కాని పెద్ద నోట్లు చూడండి, 50, 100, 500, 1000 లీరాలవి. అవి ముస్సోలినీకి పాతికేళ్ళ ముందు గీసిన బొమ్మలతోనే నడిచాయి. 1890ల చివర్లో రినాల్దో బార్బెత్తి అనే ఆయన వేసిన నమూనాలవి. ఆయనది కొయ్యచెక్కడంలో పేరున్న కుటుంబం. అందుకేనేమో ఆ నోట్లు చూస్తే దేవిడీ తలుపు చూసినట్టుంటుంది, చుట్టూ చెక్కిన చట్రం, పసిబాలలు, దండలు. కలెక్టర్లు వాటిని ఆయన పేరుతోనే బార్బెత్తులంటారు. ఆయన పోయాక కూడా ఏళ్ళతరబడి అవి అచ్చవుతూనే ఉన్నాయి. ముస్సోలినీ మొహం ఏ నోటు మీదా లేదు. మరి అంత ఆర్భాటపు ప్రభుత్వం డబ్బు జోలికి ఎందుకు పోలేదు? దీని కోసమే ఈ ప్రయాణం.

సోమవారం వియా నాత్సియొనాలె మీద నడిచాం. 91వ నంబరు, పలాత్సో కోక్. గయెతానో కోక్ అనే వాస్తుశిల్పి 1888-92 మధ్య కట్టిన భవనం, బాంకా దితాలియా ప్రధాన కార్యాలయం. ముందు ఇనుప కటకటాలు, ఆ వెనక ఈత చెట్ల లాంటి పొడుగాటి చెట్లు. బ్యాంకు పుట్టింది 1893లో, అంతకు ముందున్న బాంకా రొమానా ఒకే నంబరుతో రెండేసి నోట్లు అచ్చేసిన కుంభకోణం బయటపడ్డాక. అప్పుడు కూడా నేపుల్స్ బ్యాంకు, సిసిలీ బ్యాంకు తమ నోట్లు తాము వేసుకుంటూనే ఉండేవి. మూడు బ్యాంకుల నోట్లూ ఒకే జేబులో. 1926 జులై నుంచి ఆ హక్కు ఒక్క బాంకా దితాలియాకే మిగిలింది.

కటకటాల బయట నిలబడి జేబులోంచి ఒక 50 లీరాల నోటు ఫొటో తీసి చూసుకున్నాను. కింద రెండు సంతకాలు. ఎడమవైపున్నది బొనాల్దో స్ట్రింఘెర్, 1900లో డైరెక్టర్ జనరల్ అయ్యి, 1928లో మొదటి గవర్నరుగా పదవి మారి, 1930లో చనిపోయేదాకా ఈ భవనాన్ని వదలని మనిషి. ఆయన తర్వాత విన్చెన్సో అత్సొలీని. పక్కన క్యాషియరు సంతకం ఉంటుంది, సాక్కి, తర్వాత చీమా, తర్వాత ఉర్బీని. బొమ్మ ఒకటే కాబట్టి కలెక్టరుకు కాలం చెప్పేది ఈ సంతకాల జోడీలే. స్ట్రింఘెర్-సాక్కి అంటే మొదటి యుద్ధం తర్వాతి గడ్డు రోజులు. అత్సొలీని-చీమా అంటే 1930లు. అత్సొలీని-ఉర్బీని అంటే యుద్ధం ముంచుకొస్తోంది. వియా నాత్సియొనాలె దాటి ఇంకాస్త నడిస్తే పియాత్సా వెనేత్సియా, ముస్సోలినీ ఉపన్యాసాల బాల్కనీ, ఆ చౌకులోనే రాణి ఉంగరం ఇచ్చిన తెల్లరాతి కట్టడం. బ్యాంకు నుంచి అక్కడికి కాలినడకన పావుగంట కూడా పట్టదు. ఆ పావుగంటా మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

*

మంగళవారం రోము నుంచి ఆంకోనా వెళ్ళే రైలెక్కాం. తేర్ని, స్పొలేతో, ఫొలీన్యో దాటాక లోయలు సన్నబడతాయి, సొరంగాలు మొదలవుతాయి. అపెన్నైన్ కొండలు దాటగానే ఫబ్రియానో. ఊరు చిన్నది, పేరు పెద్దది. చిత్రకళ నేర్చుకున్న మన పిల్లలకి కూడా ఆ పేరు తెలుసు, డ్రాయింగు కాగితం మీద చూసి ఉంటారు. 13వ శతాబ్దం నుంచి ఇక్కడ కాగితం చేస్తున్నారు. గుడ్డపీలికలు నీటిచక్రంతో నడిచే సమ్మెటలతో దంచటం, జంతువుల జిగురు పూసి కాగితాన్ని గట్టిపరచటం, కాగితంలో నీటిగుర్తు దించటం, ఈ మూడూ యూరపుకి నేర్పిన ఊరు.

పాత సాన్ దొమెనికో మఠంలో కాగితం మ్యూజియం ఉంది. దంపుడు తొట్టి దగ్గర నిలబడితే చెక్క సమ్మెటల చప్పుడు మా ఊళ్ళో అటుకులు దంచే రోలును గుర్తుకు తెచ్చింది. తొట్టెలో గంజిలా పలచగా తెల్లటి గుజ్జు. పనివాడు తీగెల జల్లెడను నిలువునా ముంచి, అడ్డంగా పైకెత్తి, రెండు చేతులతో ముందుకూ పక్కకూ ఒక్క కుదుపు కుదిపాడు. నీరు జారిపోయింది. జల్లెడ మీద తడి మీగడలా ఒక పొర మిగిలింది. దాన్ని ఉన్నిగుడ్డ మీద బోర్లించాడు. అంతా నాలుగు క్షణాల పని, అతని మణికట్టులో మాత్రం ఏళ్ళ అలవాటు.

నేను అసలు చూడాలనుకున్నది పక్కగదిలో ఉంది, మైనపు పలకలు. నోట్లలో కనిపించే నీటిగుర్తు ఒట్టి గీత కాదు, వెలుగునీడలతో నిజంగా మొహంలా ఉంటుంది. అది ఎలా వస్తుందంటే, కళాకారుడు గాజుబల్ల మీద మైనపు పలక పరిచి, కింద దీపం పెట్టి చెక్కుతాడు. మైనం ఎక్కువ తీసినచోట వెలుగు ఎక్కువ, తీయనిచోట చీకటి. చెక్కుతున్నంతసేపూ అది కాగితంలో ఎలా కనబడుతుందో కళ్ళముందే తెలుస్తుంటుంది. తర్వాత ఆ మైనం నుంచి లోహపు అచ్చులు పోసి, వాటి మధ్య సన్నని తీగెజల్లెడ పెట్టి నొక్కుతారు. జల్లెడ ఉబ్బినచోట గుజ్జు పలచగా నిలుస్తుంది, వెలుగు దాటుతుంది. గుంట పడినచోట మందంగా నిలుస్తుంది, నీడ. ఈ ఊరి మిల్లుల కాగితం మీదే ఇటలీ నోట్లు అచ్చయ్యాయి. పియెత్రో మిలియాని 1782లో మొదలుపెట్టిన మిల్లు పేరు ఇక్కడ గోడగోడకీ కనిపిస్తుంది.

అక్కడ పనిచేసే ఆవిడ ఒక పలకను దీపం మీదికి జరిపింది. పచ్చటి మైనంలోంచి ఒక స్త్రీ తల మెల్లగా లేచింది, మెడ మీద జుట్టు ముడితో సహా. దీపం ఆర్పేసింది. ఒట్టి మైనపు ముద్ద. మళ్ళీ వెలిగించింది. మా ఆవిడ మూడోసారి కూడా వెలిగించమని అడిగింది.

నోటును వెలుగుకు ఎదురుగా పట్టి చూడటం చిన్నప్పటి నుంచీ చేస్తున్న పనే. కాని ఆ వెలుగుతోనే ఆ మొహాన్ని పుట్టించారని ఇక్కడికొచ్చేదాకా నాకు తెలియదు.

*

ఆంకోనాలో రైలు మారి సముద్రం పక్కగా పైకి పోతే పెసారో. అక్కడ దిగిన వాళ్ళందరూ రొస్సీని పుట్టిన ఇల్లు చూడటానికే దిగుతారు. మేము దిగింది 1926 ఆగస్టు 18 కోసం.

ఆ వేసవిలో ఒక పౌండు కొనాలంటే 150 లీరాలు దాటి పోయాల్సి వచ్చేది. ముస్సోలినీ అధికారానికొచ్చిన నాడు అది 90 చిల్లర. ఇదే ఊళ్ళో జనం ముందు నిలబడి, ప్రాణం పోయేదాకా లీరాను కాపాడతాననే అర్థంలో మాటిచ్చాడు. ‘క్వోతా నొవాంత’, తొంభై గుర్తు. పౌండుకు తొంభై లీరాలు కావాలన్నది ఆ విధానం లక్ష్యం. అయ్యింది కూడా. 1927 డిసెంబరులో పౌండుకి 92.46, డాలరుకి 19 దగ్గర లీరాను బంగారానికి ముడివేశారు.

ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? 1926 నవంబరులో ప్రభుత్వ స్వల్పకాలిక బాండ్లు ఉన్న మధ్యతరగతి వాళ్ళని అడగకుండానే వాటిని దీర్ఘకాలపు అప్పుగా మార్చేశారు. కూలీల, ఉద్యోగుల జీతాలు 1927లో 10 నుంచి 20 శాతం దాకా కోశారు. సరుకు బయటి దేశాలకు అమ్ముకునే వాళ్ళు దెబ్బతిన్నారు. ధర తగ్గింది కదా అని సంతోషించాలంటే ముందు జేబులో జీతం ఉండాలి.

మనకీ అదే ఏడు అలాంటి తగవే నడిచింది. హిల్టన్ యంగ్ కమిషన్ 1926లో రూపాయి విలువ ఒక షిల్లింగు ఆరు పెన్నీలుండాలంది. పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ ఒప్పుకోలేదు, ఒక షిల్లింగు నాలుగు పెన్నీలే న్యాయమని విడిగా రాసిచ్చాడు. పత్తీ వేరుశనగా పండించే రైతుకి రూపాయి బరువెక్కితే గింజ ధర తేలికవుతుందని ఆయన వైపు వాళ్ళ వాదన. 1927 చట్టం ఆరు పెన్నీలనే ఖాయం చేసింది. ఆ లెక్కన మన రూపాయికి ఇంచుమించు ఏడు లీరాలు. వెయ్యి లీరాల నోటు 144 రూపాయలు. రోములో పెద్దమనుషులూ లండనులో పెద్దమనుషులూ తమ పరువు కోసం డబ్బును బిగించారు, ఈ మార్కే కొండల్లో రైతూ గుంటూరు నల్లరేగడిలో రైతూ ఒకే ఏడు ఆ బిగింపు కింద పడ్డారు. ఇది నా కోపం, దాచుకోను.

ఆ మాట ఎన్నాళ్ళు నిలబడింది? 1935 జులైలో నోట్ల వెనక 40 శాతం బంగారం ఉండాలన్న నియమాన్ని పక్కన పెట్టారు. ఆ డిసెంబరులో ఉంగరాలు పోగుచేశారు. 1936 అక్టోబరులో లీరా విలువను ఇంచుమించు 41 శాతం తగ్గించారు. ఇంత జరుగుతున్నా నోటు మీద ‘చూపినవెంటనే తెచ్చినవారికి చెల్లించబడును’ అనే వాక్యం అలాగే ఉంది. ఆ వాక్యం చుట్టూ బార్బెత్తి పసిబాలలు అలాగే దండలు పట్టుకుని ఉన్నారు.

పియాత్సా దెల్ పొపొలోలో ఫౌంటెన్ గట్టు మీద కూర్చుని ఇదంతా మా ఆవిడతో అన్నాను. ఆవిడ వెంటనే, “అందుకే మార్చలేదు” అంది. “లోపల ఉన్నది తగ్గుతున్నప్పుడు డబ్బా మార్చకూడదు కదా. మా అమ్మ నెయ్యి అయిపోవస్తే ఆ గిన్నెలోనే వేసి తెచ్చేది, చిన్న గిన్నెలో పోస్తే మా నాన్న కనిపెట్టేస్తాడని.”

నా చిక్కుముడికి అంతకన్నా మంచి సమాధానం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. మనిషి నోటును చదవడు. నిన్నటి నోటులా ఉందా లేదా అని మాత్రమే చూసి తీసుకుంటాడు. రోజూ వందసార్లు అరవగలిగిన ప్రభుత్వం కూడా అక్కడ గొంతు తగ్గించింది. 1926 డిసెంబరులో ఫాషియోను, అంటే గొడ్డలి చుట్టూ కట్టిన కర్రల మోపును, రాజ్యచిహ్నం చేశారు. పాత బార్బెత్తుల మీద కొత్తగా కనబడేది అదొక్కటే, ఒక చిన్న ముద్ర. 1930లో వచ్చిన కొత్త వెయ్యి లీరాల నోటు కూడా కొత్త మనిషి గీసింది కాదు. 1921లోనే కన్నుమూసిన జొవాన్ని కప్రనేజి గీసిన బొమ్మ, వెనిస్, జెనోవా నగరాలు ఇద్దరు స్త్రీలుగా. దాన్ని ‘రెజీనె దెల్ మారె’ అంటారు, సముద్రపు రాణులు. తర్వాత 50 లీరాల నోటు మీదికి రోము ఆడతోడేలు వచ్చింది. కలెక్టర్లు దాన్ని ముద్దుగా లుపెత్త అంటారు. ఆ తోడేలు కూడా ఇటలీ వాళ్ళకి వేల ఏళ్ళ పాత చుట్టమే.

ప్రచారం పూర్తిగా గొంతెత్తింది చిల్లర నోట్ల మీద. 1939 నవంబరు 14 తేదీతో వచ్చిన 1 లీరా నోటు మీద అగస్టస్ సీజరు, 2 లీరాల నోటు మీద జూలియస్ సీజరు. లోహం యుద్ధానికి కావాలి, నాణేల పని కాగితం చేయాలి. పాలూ రొట్టే కొనుక్కునే ఆ కాగితాల మీద సామ్రాజ్యం బొమ్మలేశారు. చిన్న నోటును ఎవరూ పరీక్షగా చూడరు, దాచుకోరు కూడా. అందుకే నలగనివి దొరకటం కష్టం.

*

శుక్రవారం సాయంత్రానికి బొలోన్యా మీదుగా వెరోనా చేరాం. నవంబరు మంచు ఊరిని సగం మింగేసింది. ఏటా మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి ఇక్కడ వెరోనాఫిల్ జరుగుతుంది. స్టాంపులు, నాణేలు, నోట్లు, పాత పోస్టుకార్డుల సంత. పోర్తా నువోవా స్టేషను నుంచి సంత మైదానం దాకా నడిచే వాళ్ళందరి చేతుల్లోనూ ఆల్బం సంచులే.

హాలులో వరసలు వరసలుగా బల్లలు, ప్రతి బల్ల మీదా ఒక దీపం. ఇక్కడి భాష రెండు మూడు మాటలతో సరిపోతుంది. ‘ఫియోర్ ది స్తాంపా’ అంటే అచ్చు నుంచి అప్పుడే రాలిన పువ్వు, మడత లేనిది. దాని కింద ‘స్ప్లెన్దిదో’, దాని కింద ‘బెల్లిస్సిమో’. బెల్లిస్సిమో అంటే మహా అందమైనది అని అర్థం, కాని నోట్ల వాళ్ళ దగ్గర నలిగి, మడతలు పడి, ఇంకా నిలబడి ఉన్నదానికి ఆ పేరు. నాకు ఆ పదమే ఇష్టం.

ఈ మెట్లు తెలుసుకోవటానికి నేను ఒకసారి డబ్బు పోగొట్టుకున్నాను. కొన్నేళ్ళ కిందట పోస్టులో తెప్పించిన 100 లీరాల నోటు. పువ్వు రకం అని చెప్పి అమ్మారు. కవరు తీస్తే తెల్లగా, బల్లపరుపుగా ఉంది. నెల తర్వాత ఒక పెద్ద కలెక్టరు దాన్ని దీపం పక్కన ఏటవాలుగా పట్టి చూపించారు. మడత గీత పీచు విరిగి తెల్లగా మెరిసింది. నోటును కడిగి, ఇస్త్రీ చేసి, మడతలు చంపేశారు. కడిగితే కాగితంలోని జిగురు పోతుంది, వేలితో తట్టినప్పుడు వచ్చే చిటపట పోతుంది. ఫబ్రియానోలో ఆ జిగురు పూయటం ఎందుకు కనిపెట్టారో చూసొచ్చాక ఆ నోటు మీద నాకు జాలి ఎక్కువైంది. అప్పటి నుంచి నా పద్ధతి ఇది: ముందు చెవి, తర్వాత ఏటవాలు వెలుగు, తర్వాత ఎదురువెలుగు, బొమ్మ చూడటం అన్నిటికన్నా చివర.

ఇంకొకటి, గుండుసూది రంధ్రాలు. ఇటలీ బ్యాంకుల్లో కట్టలకి సూది గుచ్చేవాళ్ళు. మన నోట్లకి పిన్నులు కొట్టేవాళ్ళు కదా, 2001లో రిజర్వు బ్యాంకు వద్దనేదాకా, అలాగన్నమాట. అందుకని బార్బెత్తికి రెండు మూడు సూది పోట్లుంటే నేను బాధపడను. అది బ్యాంకు గుమ్మం తొక్కిన నోటని అర్థం.

నేను ఈ సంతకొచ్చింది రెజీనె దెల్ మారె కోసం. వెయ్యి లీరాల నోటు, పరిస్తే అరచెయ్యి దాటిపోయేంత పెద్దది. 1939లో ‘మిల్లె లిరె అల్ మెసె’ అని ఒక సినిమా వచ్చింది, ఆ పేరుతో పాట ఇటలీ అంతా మోగింది. నెలకి వెయ్యి లీరాలు అని దానర్థం. మామూలు గుమాస్తా కనే కల అది. ఆ కల అంతా ఈ ఒక్క కాగితం. మూడో వరసలో ఒక బల్ల మీద, గాజు కింద, అది దొరికింది కూడా. స్ప్లెన్దిదో రకం. ఇద్దరు రాణులూ కళ్ళెదుట ఉన్నారు. మూడేళ్ళుగా దాచిన డబ్బు సరిగ్గా సరిపోతుంది.

బల్ల అవతల డెబ్బై దాటిన పెద్దాయన. వచ్చీ రాని ఇటాలియన్‌లో నేను బార్బెత్తుల గురించి ఏదో అడిగాను. ఆయన ముఖం విప్పారింది. కింద డ్రాయరు లాగి రెండు 100 లీరాల నోట్లు తీసి పక్కపక్కన పెట్టారు.

“తేడా చెప్పండి” అన్నారు.

వంగి చూశాను. అదే చట్రం, అవే పసిబాలలు, అదే అంకె. సంతకాలు వేరు, ఒకటి స్ట్రింఘెర్-సాక్కి, ఇంకొకటి అత్సొలీని-చీమా. అది చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు, ఇంకా ఉందన్నట్టు. భూతద్దం తీశాను. రెండో నోటు మీద గుండ్రటి చిన్న ముద్రలో కర్రల మోపు, గొడ్డలి. గోరంత. మొదటి నోటులో లేదు.

“మా నాన్న రైల్వేలో పనిచేశారు” అన్నారాయన, మెల్లగా, నాకర్థమయ్యేలా. “ఈ రెండూ ఆయన జీతంలోవి. మొదటిది ఉద్యోగంలో చేరిన కొత్తల్లోది. రెండోది నాటికి జీతం తగ్గించారు. ‘నోటులో తేడా ఏమీ కనబడలేదురా, సంచిలో కూరగాయలు చూస్తేనే తెలిసింది’ అనేవారు.”

మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నేను రెండో నోటు ధర అడిగాను, ఫాషియో ముద్ర ఉన్నది. ఆయన ఒప్పుకోలేదు. రెండూ కలిపితేనే ఇస్తానన్నారు. విడదీస్తే అది మామూలు నోటవుతుంది, ఎవరి ఆల్బంలోనైనా దొరికే నోటు. పక్కపక్కన ఉంటేనే అందులో చూడవలసింది కనబడుతుందని ఆయన మాట. ఇన్నేళ్ళూ ఎందుకమ్మలేదని అడిగితే, తేడా ముద్రలో ఉందని కనిపెట్టిన వాళ్ళు తక్కువ, కనిపెట్టాక కూడా బల్ల దగ్గర నిలబడి ఉన్నవాళ్ళు ఇంకా తక్కువ అన్నారు.

రెండూ బెల్లిస్సిమో రకమే. మధ్యలో నిలువు మడత, అడ్డంగా ఇంకో మడత, పై అంచున సూది పోట్లు నాలుగు. చెవి దగ్గర తట్టాను, కాగితం పలికింది. ఏటవాలుగా పట్టాను, ఎవరూ కడగలేదు. మామూలు ధర కన్నా ఎక్కువే చెప్పారు, నాన్నవి కాబట్టి. బేరమాడాలని నాకనిపించలేదు. రాణుల గాజు వైపు ఒకసారి చూశాను. మా ఆవిడ కూడా చూసింది. “అవి ఎక్కడికీ పోవు, ఇంకొకళ్ళ దగ్గరైనా ఉంటాయి” అంది.

జేబులోంచి యూరోలు తీసిచ్చాను, అన్నీ యాభైలు. ఆయన లెక్కపెట్టుకుని, ఒక రశీదు రాసి, నోట్ల వివరాలన్నీ దాని మీద పొందికగా దించారు, తారీకులు, సంతకాలు, వరస నంబర్లు. రెండు బార్బెత్తులనీ ఒకే కవరులో, వీపు వీపు ఆనించి పెట్టారు. మా ఆవిడ సంచిలోంచి ఉక్కు ఉంగరం తీసి ఆయనకి చూపించింది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూసినట్టు కాస్త పైకీ కిందికీ ఆడించి, ఏమీ అనకుండా తిరిగి ఆవిడ చేతిలో పెట్టారు.

అప్పుడు నేనిచ్చిన యాభై యూరోల నోట్లు ఒక్కొక్కటీ తీసుకుని, బల్ల దీపం ముందు పట్టి చూడటం మొదలుపెట్టారు. నోటు చివర తెల్లటి చోట యూరోపా రాకుమారి మొహం లేచింది, తర్వాతి నోటులో మళ్ళీ లేచింది. మేము పక్కనే నిలబడి, చివరి నోటు దాకా ఆయనతో పాటు చూశాం.